పడవకు ఈశాన్యం ఎటు?

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నాగారంలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతారు, గోడ మీది నా పాత ఫొటో చూసి "మేడమ్, మీరు ఇంత సన్నగా ఉండేవారా" అంటారు, ఆ తర్వాత అసలు ప్రశ్న అడుగుతారు: ఏ కంపెనీ యాంటెన్నా మంచిది? ఇప్పటిదాకా ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. ఇందులో గుట్టేమీ లేదు. ఏ యాంటెన్నా అయినా మంచిదే. దాన్ని ఎవరి కప్పు మీద పెడుతున్నారన్నదే అసలు సంగతి.

నేను టెలిఫోన్ శాఖలో వైర్‌లెస్ విభాగంలో చేరి, అక్కడే తల నెరిసేదాకా ఉండి రిటైరయ్యాను. తర్వాత ఊరికే కూర్చోలేక మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల తీగ లాగడానికి వీల్లేని చోట్లకు గాలిలోంచి నెట్ పంపే పనులు చేసిపెట్టాను. ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి రాలేదు. వాటి వల్ల నేను నేర్చుకున్నది కూడా ఏమీ లేదు.

సిగ్నల్‌కు అడ్డం వచ్చేవి మూడు: కొండ, నీళ్ళు, ఇంటి యజమాని. మొదటి రెండింటికీ పుస్తకాల్లో సూత్రాలున్నాయి. మూడోవారి గురించి ఏ పుస్తకంలోనూ లేదు కనుక నేను రాస్తున్నాను.

అవతలివాడేమన్నాడు?

నా మొదటి అధికారి పేరు వెంకటాచలం గారు. పనిలో పులి, మర్యాదలో పిల్లి, సెలవు మంజూరు చెయ్యడంలో రాయి. ఆడపిల్ల టవర్ ఎక్కుతుందా అని పైవాళ్ళు నసుగుతుంటే "ఎక్కుతుంది, దిగాక మీరే సెల్యూట్ కొడతారు" అని నన్ను పంపించిన మనిషి ఆయన. అదే మనిషి, మా అమ్మకు ఒంట్లో బాగోలేదని సెలవడిగితే మూడుసార్లు కాగితం వెనక్కి పంపాడు. మంచివాడా, చెడ్డవాడా అని పిల్లలు అడుగుతారు. రెండూనూ. మీ అధికారులూ అలాగే ఉంటారు, సిద్ధంగా ఉండండి.

ఒకసారి కొండమీది స్టేషన్ నుంచి ఫోన్ చేసి "సార్, లింకు వచ్చింది, మీటర్ నిండుగా ఉంది" అని గొప్పగా చెప్పాను.

"అవతలివాడేమన్నాడు?"

"అడగలేదు సార్."

"పెళ్ళిచూపుల్లో నీకు నచ్చితే సరిపోతుందా తల్లీ?"

అడిగితే, అవతలివాడికి గురగుర తప్ప ఏమీ వినబడటం లేదట. అప్పటి నుంచి నా ముందు మీటర్ ఎంత వెలిగినా, అవతలి మనిషి గొంతు వినందే సామాను సర్దను.

దూలపల్లి లారీ

దూలపల్లిలో ఒక చిన్న ఫ్యాక్టరీకి, దాని గోదాముకు మధ్య లింకు వేశాం. పొద్దున బాగుంటుంది, సాయంత్రం బాగుంటుంది, మధ్యాహ్నం మాత్రం చచ్చిపోతుంది. ఎండ వేడికి రేడియో పాడైందన్నాను. మార్చాను. మళ్ళీ అదే. ఇంకోటి మార్చాను. యజమాని నన్ను చూసే చూపు మారింది. చివరికి విసుగొచ్చి కప్పు మీద గొడుగేసుకుని కూర్చున్నాను. భోజనాల వేళకు పొడుగాటి కంటైనర్ లారీ ఒకటి వచ్చి సరిగ్గా ఆ రెండు పొట్టి కప్పుల నడుమ, వాటిని మించిన ఎత్తున ఆగింది. డ్రైవర్ దిగి, టిఫిన్ డబ్బా విప్పాడు.

"ఇక్కడే ఎందుకు ఆపుతావయ్యా?" అని పైనుంచి అరిచాను.

"సల్లగుంటది గదమ్మా, గోడ నీడ. మీరేంది గా ఎండల కూసున్నరు? దిగి రాండ్రి, పప్పుంది."

దిగి పప్పు తిన్నాను. లారీ జరిగింది. లింకు వచ్చింది. మీటర్ చూసేముందు కళ్ళతో చూడండి, అంతకంటే పెద్ద పాఠం నా దగ్గర లేదు.

మన రేంజ్ తగ్గొద్దు

ఇక పడవ సంగతి.

శామీర్‌పేట పెద్దచెరువు తూర్పు గట్టున జంగారెడ్డి గారికి ఫామ్‌హౌస్ ఉంది. మాజీ సర్పంచి, భూములున్న మనిషి, ఈమధ్య వెంచర్లు కూడా వేస్తున్నాడు. అందరూ పటేలా అంటారు. ఆయన వెంచర్‌లో కెమెరాలకు లింకు వేసింది నేనే. ఒకరోజు ఆయనే మా ఇంటికి వచ్చి, సోఫా అంచున కూర్చుని, "మేడమ్, పడవ మీద నెట్ గావాలె" అన్నాడు.

పడవ ఎందుకని అడిగాను. కూతురు స్రవంతి ఎంగేజ్‌మెంట్ చెరువు నడుమ, పడవ మీద చేస్తానని మూడు మండలాల బంధువులకు మాటిచ్చాడట. రెండు డ్రమ్ముల్లాంటి తెప్పల మీద బల్లపరుపుగా కట్టించిన పెద్ద పడవ అది. పైన కప్పు, కప్పు కింద ముందుకు తిరిగిన రెండు సింహాసనాలు. పర్మిషన్లన్నీ తెచ్చానని చెప్పాడు.

"ఫోన్లలో వచ్చే నెట్ చాలదా?"

"వందమంది ఎక్కుతరు మేడమ్, అందరూ ఒక్కసారే వీడియోలు పెడ్తరు. ఇగ గది నడుస్తదా? లాంగ్ రేంజ్‌ది వెయ్యిండ్రి. మన రేంజ్ తగ్గొద్దు."

ఆయన చెప్పే రేంజ్ వేరు, నేను చెప్పే రేంజ్ వేరు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. కానీ ఆ తర్వాత ఆయన గొంతు తగ్గించి చెప్పిన మాట విన్నాక నేను వేళాకోళం మానేశాను.

పెళ్ళికొడుకు శ్రీకాంత్‌ది రావల్కోల్. చిన్నప్పుడే తల్లి పోయింది, తర్వాత తండ్రీ పోయాడు. నాయనమ్మ సత్తెమ్మే పెంచింది. పశువుల కొట్టంలో జారిపడి ఆవిడ తుంటి విరిగింది. మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. వాయిదా వేద్దామంటే ఆవిడే ఒప్పుకోలేదట. శ్రీకాంత్ మాత్రం ఒక్క షరతు పెట్టాడు: అవ్వ చూస్తుండగానే ఉంగరం తొడుగుతాడు, లేకపోతే లేదు.

"అయితే రావల్కోల్‌లో వాళ్ళింటి ముందే పెట్టుకోవచ్చు కదండీ?"

"ఆడపిల్ల దిక్కు జేసేది గదా మేడమ్. మా దిక్కు జేయకుంటే మా ఇజ్జత్ ఏమున్నది?"

ఇజ్జత్ మాట వచ్చాక ఇంజినీర్లు మాట్లాడకూడదు. టేపు, వైరు సంచి తీసుకుని బయల్దేరాను.

కట్టేసినప్పటి దిక్కు

పిల్లల కోసం పని సంగతి కొంచెం చెబుతాను. గట్టున ఫామ్‌హౌస్ కప్పు మీద చెరువు వైపు చూసేలా రెండు పలక యాంటెన్నాలు, ఒకటి పైన, ఒకటి కింద. రెండెందుకంటే, నీళ్ళు అద్దంలా సిగ్నల్‌ను పైకి తంతాయి. నేరుగా వచ్చింది, నీళ్ళ మీద తగిలి వచ్చింది, రెండూ ఒకచోట చేరి తోడికోడళ్ళలా తగువులాడుకుంటాయి. ఒక పలక దగ్గర తగువైతే ఇంకోటి పని చేస్తుంది. పడవ మీద మాత్రం పలక పెట్టకూడదు. పడవ తిరుగుతుంది, పలక చూపు దానితోపాటే తిరిగిపోతుంది. అందుకని నాలుగు దిక్కులా వినే, కర్రలా నిలువుగా ఉండే యాంటెన్నా పెట్టాలి. దానికి ఒకటే కోరిక, చుట్టుపక్కల తనకంటే ఎత్తుగా లోహమేదీ ఉండకూడదు.

పడవ కప్పు నడిమధ్యన పోలు పాతుదామని సుద్దముక్కతో గుర్తు పెట్టాను. పటేల్ గారు పంతులు గారిని వెంటబెట్టుకుని వచ్చారు. పంతులు గారి చేతిలో ఫోన్, ఫోన్‌లో దిక్సూచి.

"నడుమ బ్రహ్మస్థానం అమ్మా, అక్కడ ఇనుము వద్దు. ఈశాన్యంలో అసలే వద్దు. బరువు నైరుతిలోనే ఉండాలి."

పడవ అప్పుడు మూతి గట్టుకు ఆనించి, అంటే తూర్పుకు పెట్టి కట్టేసి ఉంది. ఆ లెక్కన నైరుతి అంటే వెనక కుడి మూల.

"పంతులు గారూ, పడవ తిరిగితే నైరుతి కూడా మారిపోతుంది కదండీ? అప్పుడు ఈశాన్యం ఎటు?"

ఆయన ఫోన్ ఓసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "కట్టేసినప్పటి దిక్కే లెక్క. మనిషికి పుట్టినప్పటి నక్షత్రమే కదమ్మా, ఊళ్ళు తిరిగితే నక్షత్రం మారుతుందా?"

"సూసిన్రా మేడమ్, లాజిక్ అంటే గిది" అన్నాడు పటేల్ మురిసిపోతూ.

నా చదువంతా ఆ జవాబు ముందు చేతులు కట్టుకుని నిలబడింది. నిజం చెప్పాలంటే, నాకు ఆ మూలైనా నష్టం లేదు. కర్ర కప్పుకంటే ఎత్తుగా ఉంటే చాలు. అక్కడే పోలు వెల్డింగ్ చేయించాం. పడవ నడిపే మల్లేశ్‌తో చెరువు నడుమకు పోయి, పడవను గుండ్రంగా తిప్పించి చూశాను. ఎటు తిరిగినా నెట్ నిండుగా వచ్చింది. మీకొక సలహా: యజమాని మూఢనమ్మకం మీ పనికి అడ్డం రానప్పుడు దానితో పోట్లాడకండి. పోట్లాటకు వేరే సందర్భాలు బోలెడొస్తాయి.

"వాని మొఖం ఆగొద్దు"

అవతలి మనిషి గొంతు వినాలి కదా. పడవ మీద నుంచే రావల్కోల్‌కు వీడియో కాల్ చేయించాను. సత్తెమ్మ గారు మంచంలో దిండుకు ఆనుకుని ఉన్నారు. ముక్కుకు పెద్ద బేసరి. ఫోన్ పట్టుకున్న కూతురిని "జరంత మీదికి వట్టు, నా గదువ ఒక్కటే కనవడ్తాంది ఆమెకు" అని కసురుతున్నారు.

"అవ్వా, బాగా కనిపిస్తున్నానా?" అన్నాను.

"మంచిగ కనవడ్తానవ్ బిడ్డా. నీ నెత్తి మీది వెంట్రుకలు గూడ లెక్కవెట్టొచ్చు. తక్కువనే ఉన్నయి గని."

పక్కన పటేల్ నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. అవ్వ ఉన్నట్టుండి గొంతు మార్చింది.

"బిడ్డా, ఒక్కటి అడుగుత. మొన్న గీ ఫోన్ల మా శీకాంత్‌ను జూసిన. మాట్లాడుకుంటనే ఆగిపోయిండు. నోరు తెరిచినోడు తెరిచినట్టే ఉండె. వాళ్ళ నాయినను ఆఖర్న గట్లనే జూసిన నేను. గా దినం వీని మొఖం గట్ల ఆగొద్దు బిడ్డా. నెట్ రాకుంటే మొత్తమే బంద్ జెయ్యి, గని వాన్ని గట్ల జూపియ్యకు."

ఈ వృత్తిలో బొమ్మ నిలిచిపోవడాన్ని మేం వేగం తగ్గడం అంటాం, దానికి అంకెలున్నాయి. అవతల మంచంలో ఉన్న మనిషికి అది కొడుకు చావు. ఆ మాట విన్నాక నాకు భయం వేసింది. ఆ రాత్రి లెక్కలన్నీ మళ్ళీ చూసుకున్నాను. బ్యాటరీ ఒకటి చాలు, రెండు పెట్టాను.

కలశం లేపారు

ఎంగేజ్‌మెంట్ రోజు పొద్దున గట్టు దగ్గరికి వెళ్ళేసరికి పడవను గుర్తుపట్టలేకపోయాను. బంతిపూలు, మామిడాకులు, పట్టు తెరలు. కప్పు నడిమధ్యన ఇత్తడి రేకుతో చేసిన పెద్ద గోపురం, దాని మీద కలశం. నిన్నటిదాకా లేదు. నా కర్ర యాంటెన్నా దాని వెనక మూలన, పెద్దావిడ వెనక నక్కిన పిల్లలా ఉంది.

"పటేల్ గారూ, ఇదేమిటండీ?"

"పరేషాన్ గాకుండ్రి మేడమ్. కలశం కన్న ఇనుము ఎత్తుండొద్దని పంతులు జెప్పిండు. మీ పోలు తగ్గిస్తే మీకు కోపమొస్తదని దాన్ని ముట్టనేలే. కలశాన్నే లేపినం."

నా మీద గౌరవంతో నా పనిని పాడుచేసిన మనుషులు చాలామంది ఉన్నారు. అందరిలోకీ ఈయనది మొదటి స్థానం. గోపురం తియ్యమన్నాను. పూజ అయిపోయిందన్నారు. పోలు లేపుదామంటే వెల్డింగ్. ఈలోగా బంధువులు ఎక్కేశారు, మేళం మొదలైంది. గట్టు దగ్గర ఇంటి కప్పు నెత్తి మీదే ఉంటుంది కనుక నెట్ బాగానే వస్తోంది. అది చూసి పటేల్ "వస్తాంది గదా!" అన్నాడు. పడవ కదిలింది.

చెరువు లోపలికి పోతున్నంతసేపూ పడవ వెనక భాగం గట్టు వైపే ఉంది. నా కర్రకూ ఇంటికీ నడుమ అడ్డం లేదు. సింహాసనాల ఎదుట స్టాండుకు బిగించిన ఫోన్‌లో అవ్వ నిండుగా కనిపిస్తోంది, పళ్ళేలు పెట్టిన వరస బాగాలేదని అక్కడి నుంచే తిడుతోంది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

నడుమకు చేరాక పంతులు గారు "తూర్పు ముఖం" అన్నారు. సింహాసనాలు పడవ మూతి వైపు తిరిగి ఉన్నాయి కనుక, పడవే తూర్పుకు తిరగాలి. మల్లేశ్ తిప్పాడు. మూతి గట్టుకు ఎదురైంది, నా కర్ర వెనక్కి పోయింది, నడుమ ఇత్తడి గోపురం వచ్చి కూర్చుంది. నేను నోరు తెరిచేలోపే అయిపోయింది.

శ్రీకాంత్ ఫోన్ వైపు తిరిగి "అవ్వా, తొడుగుతున్న సూడు" అన్నాడు. ఫోన్‌లో అవ్వ బొమ్మ నిలిచిపోయింది. మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తోంది. "శీకాంత్... రేయ్... మాట్లాడవేందిరా... శీకాంత్..." ఆ గొంతు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. అక్కడ అవ్వ ఫోన్‌లో వీడు నోరు తెరుచుకుని ఆగిపోయి ఉంటాడు. ఆవిడ నాకు ఏది చూపించొద్దని చెప్పిందో, సరిగ్గా అదే ఆవిడ చూస్తోంది.

పడమటి ముఖం

శ్రీకాంత్ ఉంగరం తిరిగి డబ్బాలో పెట్టేశాడు. స్రవంతి చాచిన చెయ్యి అలాగే ఉంది. మేళం ఆగింది. నేను జనాన్ని తోసుకుని పటేల్ దగ్గరికి పోయాను.

"పడవ తిప్పించండి. మూతి పడమరకు పెడితే నెట్ వస్తుంది, గోపురం అడ్డం తొలగుతుంది."

పంతులు గారు ఉలిక్కిపడ్డారు. "పడమటి ముఖంగా ఉంగరాలా? శుభం కాదమ్మా. ముహూర్తం కూడా దాటిపోతోంది. ముందు తొడిగించేద్దాం, తర్వాత పెద్దావిడకు వీడియో చూపిద్దాం."

బంధువుల్లో సగం మంది అవునన్నారు. నా పోలుకు వెనక మూల వెతికించిన మనిషి, కలశం ఎత్తు కోసం గోపురం కట్టించిన మనిషి, ఈ ఒక్క మాట ఎలా కాదంటాడు? పటేల్ తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. కూతురి వైపు చూశాడు. శ్రీకాంత్ తల ఎత్తకుండా అన్నాడు:

"మామా, ముహూర్తం పోతే ఇంకోటి వెట్టొచ్చు. అవ్వను గట్ల ఏడిపిచ్చి నేను తొడగ."

ఫోన్‌లోంచి మళ్ళీ ముక్కలైన గొంతు వచ్చింది. పటేల్ ఇక ఆలోచించలేదు.

"మల్లేశ్, తిప్పురా పడవ! జల్దీ!"

"పటేలా, తూర్పు..." అన్నారు పంతులు గారు.

"రావల్కోల్ ఎటున్నది పంతులూ? పడమట్నే గదా! పిలగాని అవ్వ ఏ దిక్కున్నదో గదే తూర్పు. నువ్వు సదువు మంత్రం."

పడవ నింపాదిగా తిరిగింది. ఎద్దుబండి తిరిగినంత నింపాదిగా. బొమ్మ మొదట అతుకుల బొంతలా వచ్చింది, తర్వాత కదిలింది, తర్వాత అవ్వ మొహం స్పష్టంగా తేలింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ తెర మీదికి వంగి మనవడిని పైనుంచి కిందికి చూసింది. శ్రీకాంత్ ఏం మాట్లాడాలో తెలియక నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు.

"నోరు ముయ్యిరా, ఈగ వోతది" అంది అవ్వ.

పడవంతా గొల్లుమంది. శ్రీకాంత్ నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నవ్వాడు. అవ్వ ముందు కావాలనే కనురెప్పలు ఆడించాడు, తల ఊపాడు, చెయ్యి ఊపాడు, తను ఆగిపోలేదని. పంతులు గారు కూడా పడమరకు తిరిగి, మా అందరికంటే గట్టిగా మంత్రం అందుకున్నారు. పటేల్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఉంగరాలు తొడిగారు. జనం అక్షింతలు వేశారు. "ఆగుండ్రి, నాయి పడలే" అంది అవ్వ. కూతురు అందించిన పళ్ళెంలోంచి గుప్పెడు తీసుకుంది. శ్రీకాంత్, స్రవంతి ఇద్దరూ ఫోన్ ముందు తలలు వంచారు. రావల్కోల్‌లో అవ్వ చెయ్యి విదిలించింది. పసుపు గింజలు ఆ ఫోన్ అద్దం మీద టపటపమని పడటం మా అందరికీ వినిపించింది. స్రవంతి తల ఎత్తి, రావల్కోల్‌లో అవ్వ వేసిన గింజలు తన జుట్టులోనే పడ్డట్టు వేళ్ళతో ఏరుకోబోయింది.